పొద పీకుట: కంచన్‌బాగ్ విధానం

ఇంటి ముందు పాత పొదలు తీసేయడానికి ఒక కూలిమనిషి, ఒక గడ్డపార, రెండు పూటలు చాలని చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ మాట చెవిన పెట్టకండి. ఇరుగుపొరుగును పిలవండి. నేను పిలిచాను. మా ఇంటి ముందు నాలుగు పొదలు తీయడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. అందులో ఒకటి ఇంకా అక్కడే ఉంది. ఇంత అనుభవం ఉన్నవాడు ఈ చుట్టుపక్కల మరొకడు లేడు కాబట్టి సలహాలు చెప్పే హక్కు నాదే.

మా ఇల్లు కంచన్‌బాగ్‌లో. పేరులోనే తోట ఉంది. ఈ నగరంలో అది పెద్ద విశేషమేమీ కాదు: బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి. అసలు హైదరాబాద్‌నే ఒకప్పుడు బాగ్‌నగర్ అనేవారనీ, అది తోటల బాగ్ కాదు భాగమతి భాగ్ అనీ పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. మా బాగ్‌లో మాత్రం పండినవి వేరు. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, 1970లో పుట్టిన బీడీఎల్, 1973లో పుట్టిన మిధాని, అన్నీ ఒకదాని గోడ పక్కన ఒకటి. క్షిపణి గీసేవాళ్ళు, దానికి లోహం కరిగించేవాళ్ళు, దాన్ని బిగించేవాళ్ళు, ముగ్గురూ రిటైరై మా గల్లీలోనే ఇళ్ళు కట్టుకున్నారు. అందుకని ఇక్కడ మీరు గడ్డపార పట్టుకుంటే వెనక కనీసం ఒక ఇంజినీరైనా చేతులు కట్టుకుని నిలబడతాడు.

మొదట కారణం సంగతి. నిజం చెప్పకండి. నిజం ఏమిటంటే మావాడు కారు కొన్నాడు. గల్లీలో పెడితే పిల్లలు బోనెట్ మీద క్యారమ్ బోర్డు పెట్టి ఆడుతున్నారు. గేటు లోపల పెడదామంటే నాలుగు పొదలు అడ్డం. గేటు పక్కన కాగితం పూల తీగ, గోడ పొడుగునా గోరింట, మెట్ల దగ్గర గన్నేరు, మూలన నందివర్ధనం. 1983లో మా నాన్న ఈ ఇల్లు కట్టినప్పుడు నాటినవి. అదే ఏడాది డీఆర్‌డీఎల్ గోడ అవతల అగ్ని, పృథ్వి, ఆకాశ్, నాగ్, త్రిశూల్ అని ఐదు క్షిపణుల కార్యక్రమం మొదలైంది. వాళ్ళు ఐదు, మేం నాలుగు.

కారు కోసమని చెప్పడానికి మొహం చెల్లక నేను వాస్తు అన్నాను. ఈశాన్యంలో బరువు ఉండకూడదట, అందుకని తీయిస్తున్నానని పక్కింటి చాచాతో చెప్పాను. చాచా గేటు దగ్గర నిలబడి పొదల వైపు చూశాడు, తర్వాత ఎండ వైపు చూశాడు. “మియా, యే తో మగ్రిబ్ హై,” అన్నాడు. రోజుకు ఐదుసార్లు పడమరకు తిరిగి నిలబడే మనిషి దగ్గర దిక్కుల విషయంలో అబద్ధం ఆడకూడదు. ఆడాక మాత్రం వెనక్కి తగ్గకూడదు. “ఇది పాత వాస్తు చాచా,” అన్నాను.

ఇక ముహూర్తం. రోహిణి కార్తెలో మొదలుపెట్టండి. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు; రోలే పగిలేటప్పుడు నేల ఎంతసేపు అన్నది నా లెక్క. మా వైపు నేల పైన జానెడు ఎర్రమట్టి. దాని కింద మా మేస్త్రీ 1983లో పూడ్చిపెట్టి వెళ్ళిన ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు ముద్దలు. దాని కింద మొరం. ఆ కింద దక్కన్ గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాయి. మొదటి పోటుకు మట్టి రాలేదు, నిప్పురవ్వ వచ్చింది. పది గంటలయ్యేసరికి గడ్డపార పట్టుకోవడానికి తడి తువాలు కావలసి వచ్చింది.

మిరుగం, అంటే మృగశిర కార్తె, దాకా ఆగి, రెండు వానలు పడ్డాక తవ్వితే తడిసిన మట్టి వేరును తనే వదిలేస్తుందని కొందరంటారు. “జర ఆగు బిడ్డా, వానలు పడనియ్యి,” అని మూలింటి పెద్దమ్మ మొదటి రోజే చెప్పింది. ఆమెది వ్యవసాయం చేసిన చెయ్యి. అలాంటివాళ్ళ మాట వింటే సలహాలు రాయడానికి నా దగ్గర ఏం మిగిలేది?

వాయిదాలు పడితే దిగులుపడకండి. అగ్ని క్షిపణి 1989లో రెండుసార్లు ఆగిపోయి మూడోసారి, మే 22న పైకి లేచింది. ఈ సంగతి గల్లీ చివరి ఇంటి సైంటిస్ట్ సార్ చెప్పారు. మా కాగితం పూల తీగ మొదటిసారి ఐపీఎల్ మ్యాచ్ వల్ల ఆగింది, రెండోసారి వలీమా దావత్ వల్ల. దావత్ నుంచి తిరిగొచ్చినవాడు గడ్డపార ఎత్తలేడన్నది ఎవరైనా ఒప్పుకుంటారు. ఖుబానీ కా మీఠా రెండోసారి వడ్డించుకున్నవాడు చెంచా కూడా ఎత్తలేడు.

కావలసిన వస్తువులు: గడ్డపారలు రెండు (అరువు), గొడ్డలి ఒకటి (అరువు), పార, తట్ట, రంపం (ముగ్గురి దగ్గర), ఇనప గొలుసు, ప్లాస్టిక్ కుర్చీలు ఆరు, చాయ్ ఫ్లాస్కు, ఉస్మానియా బిస్కెట్లు తగినన్ని. అన్నీ అరువు తెచ్చుకోవడమే శ్రేష్ఠం. వస్తువు వెంట దాని యజమాని కూడా వస్తాడు.

గడ్డపార, మేం మిధాని అన్న అని పిలిచే ఆయనది. ముప్పై ఏళ్ళు ఆ మిల్లులో పనిచేసినవాడు. రాకెట్ మోటారు గొట్టాలకు పోయే మారేజింగ్ స్టీలును, టైటానియాన్ని చేతులతో తడిమినవాడు. నాకు ఇవ్వబోతూ ఆగి, దాన్ని నేల మీద నిలబెట్టి, చిన్న రాయితో మెల్లగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. మా ఆవిడ కిటికీలోంచి చూసి గడ్డపారకు జ్వరమొచ్చిందా అని అడిగింది. “మొన మెత్తవడ్డదన్నా. గిట్లనే కొడితే ముద్దయితది. కొలిమిల వెట్టి సాగగొట్టి నీళ్ళల్ల ముంచాలె,” అని చెప్పి, దాన్ని స్కూటీ మీద అడ్డంగా పెట్టుకుని కమ్మరి దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు పట్టింది. తెచ్చాక చూడాలి ఆ మొన: ఒకటిన్నర అంగుళం మేర నీలం, ఆ పైన మామూలు నలుపు. ఆ రంగును బట్టి ఇనుము ఎంత కాగిందో చెప్పవచ్చునట. నీలం దాటితే మెత్తన, గడ్డి రంగు దగ్గర ఆపితే మరీ పెళుసు. ఇంత చదువున్న గడ్డపారతో మట్టి తవ్వడం నాకు చిన్నతనం అనిపించింది. ఆ రోజుకు ఆపేశాను.

ఈలోగా నేను ఊరుకోలేదు. గోరింటనూ నందివర్ధనాన్నీ నేలమట్టంగా నరికేశాను. ఇది ఈ విధానంలో అతి ముఖ్యమైన అడుగు, జాగ్రత్తగా చదవండి. తెలియనివాళ్ళు పొదను నడుము ఎత్తున మోడు వదిలి నరుకుతారు. ఆ మోడే మీటలా పనికొస్తుంది. చుట్టూ మూరెడు దూరంలో గాడి తీసి, మోడును అటూ ఇటూ ఊపితే ఏ వేరు పట్టి ఉందో తెలిసిపోతుంది. దాన్ని గొడ్డలితో తెంపి, మళ్ళీ ఊపితే పొద్దెక్కేలోగా ముద్దంతా పక్కకు ఒరుగుతుంది. నేలమట్టంగా నరికితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మిధాని అన్న వచ్చి ఆ రెండు గుండ్రటి తెల్ల మచ్చల్ని చాలాసేపు చూశాడు. “ఏందన్నా, పిడి కోసి కత్తి దాసుకున్నవ్?” అన్నాడు. నేను మోడు వదిలి ఉంటే మధ్యాహ్నానికి పనైపోయేది. పనైపోతే మనుషులు కుర్చీలు తీసుకుని ఇళ్ళకు పోతారు. ఇప్పుడు చూడండి, ఐదో కుర్చీ కూడా వచ్చింది.

సైంటిస్ట్ సార్ కుర్చీ అది. ఆయన ఒక కాగితం మీద నాలుగు పొదలకు నాలుగు పటాలు గీసుకొచ్చారు. పైన కనిపించేది చిన్న ముక్క, కింద వేళ్ళు కాగితం అంచుల దాకా. “మీరు పొద అనుకుంటున్నది దాని గొడుగు మాత్రమేనండీ. పొద ఇంకా తగల్లేదు మీకు,” అన్నారు. ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు, ఒక సమయం రాశారు. నా పేరు ఒక్కచోటే ఉంది: చాయ్.

చట్టం గురించి కూడా ఒక మాట. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. అందుకని మీ ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ పొద అనండి. నేను హుషారులో గోడ పక్కనున్న వేపను కూడా ‘ఆ పెద్ద పొద’ అని చూపించాను. సార్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నా వైపు చూశారు. వేప అలాగే ఉంది.

పూలు కోసుకునేవాళ్ళకు మాత్రం ముందే చెప్పకండి. మా నందివర్ధనం పూలు నేను ఎప్పుడూ పూర్తిగా విచ్చగా చూడలేదు. తెల్లారి ఐదింటికే పెద్దమ్మ ఒక చేతిలో క్యారీబ్యాగూ, ఇంకో చేతిలో వంకర కొస ఉన్న కర్రా పట్టుకుని గోడ అవతల నిలబడేది. కొమ్మను వంచి, పది పన్నెండు మొగ్గలు తెంపి, కొమ్మను మళ్ళీ మెల్లగా పైకి వదిలేది. చటుక్కున వదిలితే మిగతావి రాలిపోతాయట. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు. ఒక్కనాడూ అడగలేదు, ఒక్కనాడూ నేను కాదనలేదు. నరికిన మర్నాడు కూడా ఐదింటికి కర్ర గోడ మీదికి వచ్చింది. గాలిలో రెండుసార్లు వెతికింది. తర్వాత గోడ మీద ఆమె తల కనిపించింది.

“ఏమాయె బిడ్డా, పురుగు వట్టిందా?”

“కారు వచ్చింది పెద్దమ్మా.” నాకు తెలియకుండానే నిజం వచ్చేసింది. ఐదింటికి ఎవరితోనూ మాట్లాడకండి.

ఆమె ఏమీ అనలేదు. గేటు తోసుకుని వచ్చి, నరికిన కుప్పలోంచి చిటికెన వేలి మందం కొమ్మలు నాలుగు ఏరింది. ఒక్కొక్కదాన్నీ జానెడు పొడవున ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, తడి గుడ్డలో చుట్టుకుంది. పోతూ పోతూ, “పెయింటు డబ్బాలున్నయా ఖాళీయి?” అని అడిగింది. నేను మూడు ఇచ్చాను. చెత్త తగ్గింది కదా అని సంతోషించాను కూడా. ఇక్కడే నేను మేల్కొని ఉండాల్సింది.

గోరింట కుప్ప దగ్గరికి మా గల్లీ ఖాలా ఇంటి ఆడపిల్లలు వచ్చారు. బక్రీద్ పది రోజుల్లో ఉంది. మా పెద్దమ్మ భాషలో అది మైదాకు, వాళ్ళకు మెహందీ, నాకు గోరింటాకు, సార్‌కు లాసోన్ అనే రంగు పదార్థం ఉన్న లాసోనియా ఇనర్మిస్. పిల్లలు నాలుగు మాటలూ పట్టించుకోలేదు. కొమ్మను పై కొస దగ్గర పట్టుకుని కిందికి ఒక్కసారి దూస్తే ఆకంతా చున్నీలో పడుతోంది. గంటలో కుప్ప మోడుకట్టెలైంది. ఆకు డాబా మీద నీడలో ఆరబెట్టుకున్నారు, పొడి కొట్టడానికి. ముదురు కట్టెలు కూడా రెండు పట్టుకెళ్ళారు, నాటుకోవడానికని. నేను మళ్ళీ సంతోషించాను.

గన్నేరుకు నా సొంత పద్ధతి ఉంది: మేకకు వేయండి. చాచా బక్రీద్‌కు తెచ్చిన రెండు మేకలు గల్లీలో కట్టి ఉన్నాయి. ఉచితంగా మేత, నాకు ఉచితంగా శుభ్రం. చేతినిండా గన్నేరు కొమ్మలు పట్టుకుని వాటి మూతుల దాకా వెళ్ళాను. అంతవరకు కుర్చీలోంచి లేవని చాచా, మోకాళ్ళ నొప్పులని మూడేళ్ళుగా చెబుతున్న చాచా, ఎలా వచ్చాడో తెలియదు, నా చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. “నక్కో! నక్కో మియా! జహర్ హై!” కొమ్మలు మోరీలో పడ్డాయి. బర్కస్ జాంపండ్ల తోటల మధ్య పెరిగిన మనిషి. ఏ ఆకు ఎవరు తినాలో ఆయనకు చిన్నప్పుడే చెప్పేశారు. గన్నేరు ఆకు, పువ్వు, వేరు, ఎండిన పుల్ల, అన్నీ విషమేనట. గుండె తాళం తప్పిస్తుందట. ఆ రెండు మేకల ఖరీదు కూడా చాచా అదే ఊపులో చెప్పాడు. నా గుండె కూడా తాళం తప్పింది.

మేకకు కాకపోతే మంటకు వేయండి. ఇదీ నా సలహానే. సాయంత్రం గల్లీ మలుపులో కుప్ప వేసి అంటించాను. పచ్చి గన్నేరు మండదు, పొగుస్తుంది. ఆ పొగ ఎదురుగా ఉన్న కూలర్లోంచి నేరుగా సార్ హాల్లోకి వెళ్ళింది. నా కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, మా ఆవిడ ఆపకుండా దగ్గుతోంది. సార్ తడి తువాలు ముక్కుకు కట్టుకుని, చేతిలో బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు. గన్నేరు పొగ పీల్చడమంటే ఆ విషాన్నే పీల్చడమని, ముప్పై ఏళ్ళు ప్రయోగశాలలో ఎవరి మీదా ఎత్తని గొంతుతో చెప్పారు. రెండు బకెట్లు పోశాం. మిగిలింది చేతులకు గోనెసంచి ముక్కలు చుట్టుకుని మూటలు కట్టి చెత్త ఆటోకు ఇచ్చాం, తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాం. కొన్ని కొమ్మలు పెద్దమ్మ ముందే తీసి పెట్టుకుంది. శివాలయం వెనక గోడ దగ్గర, పసరం పోని చోట నాటుతుందట.

ఇక కాగితం పూల తీగ. తీగ అని పేరేగానీ మొదలు నా తొడంత ఉంది. ఒక్కో ముల్లు గుండుసూది. దీన్ని చేతితో ముట్టుకోకండి, బండికి కట్టి లాగండి. చాచా కొడుకు దగ్గర ట్రాలీ ఆటో ఉంది. గొలుసు ఒక కొస మొదలుకు, ఇంకో కొస బండి వెనక బంపరుకు. బంపరుకు కాదు, కింద చాసిస్‌కు కట్టాలని మిధాని అన్న అన్నాడు. వంగి చూస్తే అక్కడంతా గ్రీజు ఉంది. బంపరు శుభ్రంగా ఉంది. బంపరుకే కట్టాను.

ఈలోగా నా అరచేతిలో విరిగిన ముల్లును సూదితో తీస్తూ సార్ ఈ తీగ చరిత్ర చెప్పారు. బూగెన్‌విల్ అనే ఫ్రెంచి నౌకాధికారి 1766లో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరాడు. ఆయన వెంట వెళ్ళిన కొమెర్సోన్ అనే వృక్షశాస్త్రవేత్త బ్రెజిల్ తీరంలో ఈ మొక్కను చూసి తన నాయకుడి పేరు పెట్టాడు. కొమెర్సోన్ సహాయకుడిగా ఓడెక్కిన కుర్రాడు నిజానికి మగవేషం వేసుకున్న ఝాన్ బారే అనే స్త్రీ. అలా భూమిని చుట్టివచ్చిన మొదటి మహిళ ఆమేనట. పైగా మనం పువ్వు అనుకునే ఆ గులాబీ కాగితాలు పువ్వులే కావు, రంగు ఆకులు. అసలు పువ్వు మధ్యలో అగ్గిపుల్ల తలంత తెల్లగా ఉంటుంది. నలభై ఏళ్ళు మా గేటు దగ్గరే ఉంది, నేను ఏనాడూ వంగి చూడలేదు. చూశాను. ఉంది.

సార్ లెక్క పెట్టారు, పది నుంచి కిందికి. సున్నా దగ్గర బండి ముందుకు దూకింది. పెద్ద చప్పుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. దుమ్ము తగ్గాక చూస్తే బండి గల్లీ మలుపు దాకా వెళ్ళింది, బంపరు గొలుసుతో పాటు మా గేటు దగ్గరే ఉంది, తీగ తన చోట తాను ఉంది. దాని రంగు ఆకులు కొన్ని మాత్రం అందరి తలల మీద రాలాయి, పెళ్ళిలో లాగా. బంపరు వెల్డింగు ఖర్చు నాదే.

ఆ కుదుపుకు తీగ మొదట్లోంచి మాత్రం ఒకటి బయటికి వచ్చింది, ఆరడుగుల జెర్రిపోతు. ఆరు కుర్చీలూ ఒక్కసారే ఖాళీ అయ్యాయి. పామును చూడగానే కర్ర వెతకడం నా పద్ధతి. కర్రలన్నీ ముళ్ళతో ఉన్నాయి గనక కుదరలేదు. హైదరాబాద్‌లో 1995 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అని ఒకటుంది, పాము కనిపిస్తే మనుషుల్ని పంపుతారు. చాచా కొడుకు ఫోను తీసేలోపే అది గోడ సందులోంచి జారిపోయింది. విషం లేనిది, ఎలుకల్ని తినేది, ఇన్నాళ్ళూ మీ ఇంటిని కాపలా కాసింది అదేనని సార్ అన్నారు. ఆయన మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. పదో రోజు రాత్రి వంటింట్లో పందికొక్కు కనిపించింది.

నల్లా పైపు ఎక్కడుందో ముందే కనుక్కోకండి, సరదా పోతుంది. మా వైపు వచ్చేవి కృష్ణా నీళ్ళు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా, పంపుల మీద పంపులు ఎక్కి, సాహెబ్‌నగర్ దాకా వచ్చి, అక్కణ్నుంచి మా గల్లీలోకి రోజు విడిచి రోజు గంటన్నర సేపు వస్తాయి. ఆ గంటన్నరలో, నందివర్ధనం వేరు కింద, మిధాని అన్న పదును పెట్టించిన మొన సరిగ్గా ఆ పైపు మీద పడింది. ఎంత పదునంటే నాకు అడ్డు తగిలినట్టే తెలియలేదు. ఫుస్సుమంటూ మనిషెత్తు నీళ్ళు. నందివర్ధనం వేళ్ళు అంత బలంగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. పైపు అతుకు దగ్గర ఎన్నేళ్ళుగా కారుతోందో, ఆ తడికి వేళ్ళు పైపును పాములా చుట్టుకున్నాయి. అందరూ బకెట్లు తెచ్చుకున్నారు. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన తీగ బిగించి, రెండు గంటలు మిధాని అన్న దాన్ని చేత్తో పట్టుకు కూర్చున్నాడు, ప్లంబర్ వచ్చేదాకా. తడిసిన మట్టిలో నందివర్ధనం దుంప తనంతట తానే పక్కకు ఒరిగింది. మూడు రోజులు గడ్డపారకు రానిది. పెద్దమ్మ అటుగా పోతూ ఆగి చూసింది. నేను అటు తిరగలేదు.

మిగిలింది గోరింట మొదలు. దీనికి నా దగ్గర పెద్దల నాటి చిట్కా ఉంది: మొదట్లో బెజ్జాలు చేసి ఇంగువ కూరితే ఎంత పెద్ద చెట్టయినా చస్తుందని. ముద్ద ఇంగువ తెచ్చాను, మామూలుది కాదు, ఖరీదైనదే. ఆరు బెజ్జాలు చేసి కూరి, పైన మట్టి మెత్తాను. ఎండకు అది కాగి గల్లీ అంతా పులిహోర వాసన. మూడు రోజులు ప్రతి ఇంట్లోనూ ‘ఏం వండుతున్నారు’ అని మా ఆవిడను అడిగారు. నాలుగో రోజు ఆమె నిజంగానే పులిహోర కలిపి అందరికీ పంపింది, మాట పడలేక.

మిరుగం వచ్చింది. రెండు వానలు పడ్డాయి. మూడో రోజు చాచా కొడుకు, మిధాని అన్న కలిసి కాగితం పూల తీగ మొదలును నలభై నిమిషాల్లో తీసి గేటు బయట పెట్టారు. నేను నిద్రలేవలేదు అప్పటికి. గన్నేరు మర్నాడు. ఆ రెండు గోతుల్లో నీళ్ళు నిలిచి, రాత్రికి ఇంకిపోయాయి. అవి పూడ్చవద్దు, ఇంకుడు గుంతలు చేద్దాం, కంకర నేను తెప్పిస్తానని సార్ పటం గీసుకొచ్చారు. పార్కింగ్ టైల్స్ మాట ఎవరూ ఎత్తలేదు. కారు గల్లీలోనే ఉంది. క్యారమ్ బోర్డుకు ఎత్తు సరిగ్గా సరిపోయిందట.

మొన్న మా ఆవిడ లెక్కపెట్టింది. పెద్దమ్మ గోడ మీద మా పెయింటు డబ్బాల్లో నందివర్ధనాలు మూడు చిగురు వేశాయి, ఒకటి చచ్చింది. ఖాలా వాళ్ళ డాబా మీద గోరింట కట్టెలు రెండూ బతికాయి. చాచా ఎప్పుడు తీసుకున్నాడో, గేటుకు రెండు పక్కలా కాగితం పూల కొమ్మలు గుచ్చాడు. మిధాని అన్న ఒకటి, సార్ ఒకటి, ఇస్త్రీ బండి దగ్గర ఒకటి, గుడి వెనక గన్నేరు ఒకటి. మొత్తం పదకొండు. నేను తీయించింది మూడు.

మూడే, ఎందుకంటే గోరింట చావలేదు. ఇంగువ తిని, వాన తాగి, నేలమట్టంగా నరికిన ఆ మొదలు చుట్టూ ఎర్రటి చిగుళ్ళు లేచి ఆషాఢం వచ్చేసరికి మోకాలి ఎత్తయ్యాయి. ముప్పై ఎనిమిదో రోజు నేను మళ్ళీ గడ్డపార తీశాను. బయటికి వచ్చి చూస్తే కొస ఆకులన్నీ దూసి ఉన్నాయి. నేను మధ్యాహ్నం కునుకు తీసిన గంటలో ఎవరో గేటు తీసుకుని వచ్చి వెళ్ళారు. పొద్దువాలేవేళ పెద్దమ్మ మనవరాలు స్టీలు గిన్నె మీద మూత పెట్టి తెచ్చింది. రోట్లో నూరిన మైదాకు, కొంచెం చింతపండు వేసి.

నా ఇంట్లో మొక్క, నాకు తెలియకుండా దూసి, నూరి, మళ్ళీ నాకే గిన్నెడు పంపడం ఏ లెక్కో నాకు అర్థం కాలేదు. ఇలాంటివి తీసుకోకండి. తీసుకున్నా వాసన చూసి తీసుకోండి. నేను చూశాను, ఇంగువ వాసన రాలేదు. మా ఆవిడ రెండు చేతులకూ పెట్టుకుని, మిగిలింది ఇటు తీసుకొచ్చి కూర్చుంది. చెయ్యి చాపమంది. చిటికెన వేలికి మాత్రం పెట్టించుకున్నాను. గడ్డపార పట్టుకోవడానికి ఆ వేలు అంతగా అక్కర్లేదు.